నిప్పురవ్వలు రాలని దుమ్ము

గ్రైండింగ్ రాయికి మామూలు ఇనుప ముక్కను ఆనిస్తే రవ్వలు పసుపుపచ్చగా మెరుస్తూ మూరెడు దూరం ఎగిరి చిట్లుతాయి. లేత్ మెషిన్ టూలుకు అతికించిన కార్బైడ్ టిప్పును సానబట్టేటప్పుడు అలా ఉండదు. దానికి వాడే రాయే వేరు, పచ్చగా ఉంటుంది. దాని అంచున ఎర్రగా, పొట్టిగా ఏదో మిణుకుమంటుంది, అంతలోనే ఆరిపోతుంది. పక్కన నిలబడి చూసేవాళ్లకు మొదటి పని ప్రమాదకరంగానూ, రెండోది నెమ్మదైన పనిగానూ కనిపిస్తుంది. కంటికి, చర్మానికి సంబంధించినంతవరకు అది సరైన అంచనాయే. ఊపిరితిత్తుల విషయానికి వస్తే మాత్రం దాదాపు తారుమారు. రవ్వలు ఎగిరేది ఇనుము గాలిలో మండుతుంది గనక. ఆ ఇనుప దుమ్మును ఊపిరితిత్తులు చాలావరకు భరిస్తాయి. రవ్వలు రాలని ఆ రెండో దుమ్ములో కోబాల్ట్ అనే లోహం ఉంటుంది. కొందరి ఊపిరితిత్తులు దాన్ని అసలు భరించలేవు.

“లోహపు దుమ్ము మంచిది కాదు” అని అందరికీ తెలుసు. అయితే ఆ మాట అక్కడితో ఆగిపోతే ఎవరికీ ఉపయోగపడదు. ఏ లోహం అన్నది తెలియాలి. ఇనుమా, జింకా, కోబాల్టా, బెరీలియమా అన్నదాన్ని బట్టి జబ్బు మారిపోతుంది, దాని తీవ్రత మారిపోతుంది, మందు మారిపోతుంది. పని మానేస్తే తగ్గుతుందా లేదా అన్నది కూడా దాన్ని బట్టే ఉంటుంది. ఈ వ్యాసంలో ఎక్కువగా మాట్లాడేది కార్బైడ్ గురించి. మన షెడ్లలో అది ఎంత మామూలు వస్తువో, దాని వల్ల వచ్చే జబ్బు పేరు అంత అపరిచితం.

హార్డ్ మెటల్ అని పిలిచేది ఒక్క లోహం కాదు. టంగ్‌స్టన్ కార్బైడ్ అనే అతి గట్టి పదార్థాన్ని పొడి చేసి, దానికి కోబాల్ట్ పొడి కలిపి, అచ్చులో నొక్కి, కొలిమిలో బాగా వేడి చేస్తారు. కోబాల్ట్ కరిగి కార్బైడ్ రేణువులన్నిటినీ పట్టి ఉంచుతుంది. అందులో కోబాల్ట్ వాటా సాధారణంగా 5 నుంచి 25 శాతం. జర్మనీలో 1920లలో దీన్ని కనిపెట్టారు. క్రుప్ కంపెనీ దీన్ని వీడియా అన్న పేరుతో అమ్మింది, వజ్రంలాంటిది అని ఆ పేరుకు అర్థం. ఇవాళ్టికీ మన మెషిన్ షాపుల్లో పాతతరం టర్నర్లు ఏ కంపెనీ టిప్పునైనా ‘వీడియా టిప్పు’ అనే అంటారు. ఉక్కును కోసే టూల్స్, బోర్లు వేసే బిట్లు, చెక్క కోసే రంపపు పళ్లు, వైరు లాగే డైలు, ఇలా గట్టిగా ఉండి అరగకూడని ప్రతిచోటా ఇది ఉంటుంది.

హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉండటం ఏదో కాకతాళీయం కాదు. ఆ చుట్టుపక్కలంతా చిన్నా పెద్దా మెషిన్ షాపులే. జీడిమెట్ల, చర్లపల్లి, విశాఖ ఆటోనగర్, విజయవాడ ఆటోనగర్‌లలోనూ అంతే. ఈ షాపుల్లో టిప్పు మొద్దుబారితే పారేయరు, సానబడతారు. చాలాచోట్ల ఆ పని కొత్తగా చేరిన కుర్రాడికో, ఐటీఐ నుంచి అప్రెంటిస్‌గా వచ్చినవాడికో అప్పజెబుతారు. అతను టూలును రెండు చేతులతో పట్టుకుని రాయి మీదికి వంగుతాడు. అంచు సరిగ్గా వచ్చిందో లేదో కనపడాలి కాబట్టి ముఖం జానెడు, రెండు జానల దూరంలో పెడతాడు. రాయి తిరుగుతూ విసిరే దుమ్ము అతని ముక్కు ముందు నుంచే పోతుంది. కళ్లద్దాలు పెట్టుకుంటాడు, ఎందుకంటే కంట్లో పడ్డది వెంటనే తెలుస్తుంది. ముక్కులోకి పోయింది తెలియదు.

ముక్కులోకి పోయిన దుమ్మంతా ఊపిరితిత్తుల అడుగుదాకా చేరదు. 10 మైక్రాన్లకు మించిన రేణువులు ముక్కులోనో గొంతులోనో చిక్కుకుంటాయి. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఆ 10 మైక్రాన్ల రేణువే కంటికి ఆనదు. దానికన్నా చిన్నవి శ్వాసనాళాల్లోకి దిగుతాయి. అక్కడి గోడల మీద ఉండే జిగట పొర వాటిని పట్టుకుంటే, సన్నని కేశాల లాంటి నిర్మాణాలు ఆ పొరను పైకి తోస్తూ ఉంటాయి. సాయంత్రం ఇంటికొచ్చి ఉమ్మితే నల్లగా పడేది ఇదే. నల్లటి కళ్లె చూసి కార్మికులు భయపడతారు. నిజానికి అది బయటికి వచ్చేసిన దుమ్ము. భయపడాల్సింది 5 మైక్రాన్లకు లోపు ఉండి చివరి గాలిగదుల దాకా వెళ్లి, బయటికి రాని దుమ్ము గురించి.

ఆ గాలిగదులు మనిషిలో 30 నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. అన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, మన లెక్కలో 750 చదరపు అడుగులు. గాలికీ రక్తానికీ మధ్య ఉండే పొర మందం ఒక మైక్రాన్ కన్నా తక్కువ. ఆ పొర పల్చగా, మెత్తగా ఉంటేనే ఆక్సిజన్ రక్తంలోకి దిగుతుంది. అక్కడ ఊడ్చే కేశాలు లేవు. మాక్రోఫేజ్ అనే కాపలా కణాలు మాత్రమే ఉన్నాయి. అవి రేణువును మింగి మోసుకుపోవడానికి చూస్తాయి. మింగినది మొండిదైనా నిరపాయకరమైతే కథ అక్కడితో సరి. మింగినది కణాన్నే చంపేదైతే వాపు మొదలవుతుంది. వాపు నెలలు, ఏళ్ల తరబడి సాగితే ఆ పల్చటి పొర మచ్చకట్టి మందమవుతుంది. దీన్నే డాక్టర్లు ఫైబ్రోసిస్ అంటారు. మచ్చకట్టిన చోట మళ్లీ మామూలు పొర రాదు.

ఇక ఇనుము సంగతి. వెల్డింగ్ పొగలో, గ్రైండింగ్ దుమ్ములో ఐరన్ ఆక్సైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి పీల్చిన వెల్డర్ ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా చుక్కలు కనిపిస్తాయి. చూడగానే గుండె జారే బొమ్మ అది. 1936లో డాయిగ్, మెక్‌లాఫ్లిన్ అనే ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లు ఆర్క్ వెల్డర్లలో ఇలాంటి ఎక్స్‌రేలను వివరించారు. చుక్కలు ఉన్నా ఆ మనుషులు బాగానే ఊపిరి పీలుస్తున్నారు. అదే డాక్టర్లు 1948లో మరో మాట చెప్పారు. పొగకు దూరంగా ఉన్నవారిలో ఆ చుక్కలు క్రమంగా తేలికపడటాన్ని తాము చూశామని. ఎక్స్‌రేలో కనిపించింది మచ్చ కాదు, ఇనుమే. ఇనుము ఎక్స్‌రే కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి అలా కనపడింది. దీనికి సిడరోసిస్ అని పేరు.

ఇది చదివి వెల్డింగ్ పొగ మంచిదేనని ఎవరూ అనుకోవద్దు. ఆ పొగలో ఇనుము ఒక్కటే ఉండదు. స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగులో క్రోమియం, నికెల్ ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగలను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో, మొదటి తరగతిలోనే చేర్చింది. వెల్డర్లకు న్యుమోనియా ముప్పు కూడా ఎక్కువే. బ్రిటన్‌లో వాళ్లకు న్యుమోకాకల్ టీకా సిఫార్సు చేయడానికి కారణం అదే. మన దగ్గర వెల్డర్‌కు ఆ టీకా మాట చెప్పేవాళ్లే అరుదు. చెప్పాలి.

జింకు దారి ఇంకొకటి. జీఐ పైపుకో, గాల్వనైజ్డ్ రేకుకో వెల్డింగ్ చేస్తే, ఇత్తడి కరిగిస్తే తెల్లటి పొగ లేస్తుంది. అది జింక్ ఆక్సైడ్. పని ముగించి ఇంటికెళ్లాక, నాలుగు నుంచి పది గంటల్లో చలి, జ్వరం, ఒళ్లునొప్పులు, నోట్లో లోహపు రుచి. ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది. మలేరియా అనుకుని మందులు వాడేవాళ్లున్నారు. విచిత్రం ఏమిటంటే రోజూ పీలిస్తే ఒళ్లు కొంత అలవాటు పడుతుంది, ఆదివారం సెలవు తర్వాత సోమవారం మళ్లీ గట్టిగా వస్తుంది. దీనివల్ల శాశ్వత నష్టం సాధారణంగా ఉండదు. అదే లక్షణాలు కాడ్మియం పొగ పీల్చినా మొదలవుతాయి, అప్పుడు ప్రాణం మీదికే వస్తుంది. అందుకే పొగ పీల్చాక జ్వరం వచ్చి ఊపిరి ఆడకపోతుంటే ‘రేపటికి తగ్గుతుందిలే’ అని పడుకోకూడదు.

ఇనుము, జింకుల గురించి ఇంత దూరం చెప్పింది కోబాల్ట్ వాటికి ఎంత భిన్నమో తెలియడానికి. 1940లో జర్మనీలో హార్డ్ మెటల్ తయారీ కార్మికుల ఊపిరితిత్తుల్లో మార్పులు మొదటిసారి నమోదయ్యాయి. కానీ తప్పు ఎవరిదన్నది దశాబ్దాలపాటు తేలలేదు. టంగ్‌స్టనా, కోబాల్టా, రెండూ కలిసా? ఆ ఫ్యాక్టరీల్లో రెండూ ఎప్పుడూ కలిసే ఉండేవి, విడదీసి చూసే దారి లేకపోయింది. ఈలోగా 1960ల చివర్లో అమెరికన్ పాథాలజిస్ట్ ఏవెరిల్ లీబో కొందరి ఊపిరితిత్తుల్లో ఒక విడ్డూరమైన దృశ్యాన్ని వర్గీకరించారు. గాలిగదుల్లో ఎన్నో కేంద్రకాలున్న పెద్ద పెద్ద కణాలు, తమ పక్క కణాలనే మింగేసి ఉబ్బి కనిపించేవి. దానికి జెయింట్ సెల్ ఇంటర్‌స్టీషియల్ న్యుమోనియా అని పేరు పెట్టారు. కారణం తెలియని జబ్బుల పట్టికలో చేర్చారు. తర్వాత్తర్వాత ఆ రోగుల పనులేమిటో తవ్వి చూస్తే ఒకరి తర్వాత ఒకరు కార్బైడ్ దగ్గర పనిచేసినవాళ్లే తేలారు.

చిక్కుముడిని విప్పింది మాత్రం హార్డ్ మెటల్‌తో ఏ సంబంధం లేని మనుషులు. బెల్జియంలో వజ్రాలకు సానబట్టేవాళ్లు. పూర్వం వాళ్లు పోత ఇనుప చక్రాల మీద సానబట్టేవారు. తర్వాత సన్నటి వజ్రపు పొడిని కోబాల్ట్ పొడిలో బిగించిన కొత్త రకం పళ్లేలు వచ్చాయి. వేగంగా పని అవుతుందని వాటిని వాడారు. కొందరికి దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. 1984లో లూవెన్ డాక్టర్లు వాళ్ల ఊపిరితిత్తుల్లో అవే పెద్ద కణాలను చూశారు. ఆ పళ్లేల్లో టంగ్‌స్టన్ లేదు. ఉన్నది కోబాల్ట్. వేలెత్తి చూపడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. వైద్య చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టాల్లో ఇదొకటి, ఎందుకంటే జవాబు ప్రయోగశాలలో దొరకలేదు. ‘మీరు ఏ పళ్లెం మీద పనిచేస్తారు’ అని కార్మికుణ్ణి అడిగితే దొరికింది.

అలాగని టంగ్‌స్టన్ కార్బైడ్ పూర్తిగా అమాయకం కాదు. 1990లలో బెల్జియంలోనే డొమినిక్ లీసాన్ బృందం చేసిన పరిశోధనల్లో తేలింది ఇది: విడిగా కార్బైడ్ దాదాపు ఏమీ చేయదు, విడిగా కోబాల్ట్ కొంత చేస్తుంది, రెండూ అంటుకుని ఉంటే చాలా ఎక్కువ చేస్తాయి. కోబాల్ట్ నుంచి ఎలక్ట్రాన్లు కార్బైడ్ ఉపరితలం మీదుగా ఆక్సిజన్‌కు చేరి, కణాలను కాల్చే రకం ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అందుకే షెడ్డులో సానబట్టే టిప్పు, అంటే రెండూ ఒకే రేణువులో ఉన్న దుమ్ము, అంత చెడ్డది.

ఇంకో సంగతి కార్మికులను, యజమానులను ఇద్దర్నీ తికమకపెడుతుంది. ఒకే షాపులో ఇరవై ఏళ్లు సానబట్టినవాడు నిక్షేపంగా ఉంటాడు. రెండేళ్ల కిందట చేరినవాడు మెట్లెక్కలేకపోతాడు. ‘నాకేం కాలేదు, వాడికి బీడీ అలవాటు, అందుకే’ అంటాడు మొదటివాడు. ఇది దుమ్ము ఎంత పీల్చారన్న లెక్క మీదే నడిచే జబ్బు కాదు. రోగనిరోధక వ్యవస్థ ఆ లోహాన్ని శత్రువుగా గుర్తుపట్టడం మీద ఆధారపడుతుంది. హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల కుటుంబంలో ఒక మార్పు ఉన్నవాళ్లలో ముప్పు ఎక్కువని కనుగొన్నారు. బెరీలియం జబ్బులోనూ అదే మార్పు కనిపిస్తుంది. కాబట్టి పాతవాడి ఆరోగ్యం కొత్తవాడికి హామీ కాదు. బీడీ, సిగరెట్ ఊపిరితిత్తులకు అదనపు దెబ్బే, సందేహం లేదు. కానీ ఈ జబ్బు వాటిని ముట్టనివాళ్లకూ వస్తుంది. పొగ తాగేవాడన్న ఒక్క కారణం చూపించి దుమ్ము సంగతి దాటేయడం అన్యాయం.

జబ్బు రెండు దారుల్లో కనపడుతుంది. ఒకటి ఆస్తమా: షిఫ్టు ముగిసే వేళకో, రాత్రికో దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగుసుకున్నట్టు ఉండటం. సెలవులకు ఊరెళ్తే తగ్గుతుంది, తిరిగొచ్చి పనిలో చేరితే మళ్లీ మొదలవుతుంది. ఈ ఎగుడుదిగుళ్లే దానికి గుర్తు. రెండోది ఊపిరితిత్తి కణజాలానికే వచ్చే వాపు, మచ్చకట్టడం: పొడిదగ్గు, పని చేస్తే ఆయాసం, బరువు తగ్గడం, నీరసం. మొదట్లో ఇది కూడా సెలవులో కొంచెం తెరిపినిస్తుంది. ముదిరాక ఆ తెరిపి ఉండదు.

దగ్గు, బరువు తగ్గడం, నీరసం అనగానే మన దేశంలో ఎవరికైనా మొదట తోచేది టీబీ. తోచాలి కూడా. కళ్లె పరీక్ష చేయించుకోవాల్సిందే, అందులో బేరం లేదు. కష్టం ఎక్కడంటే, కళ్లెలో టీబీ దొరక్కపోయినా ఎక్స్‌రే మీద అనుమానంతో ఆరు నెలల మందులు రాసేయడం, ఆ ఆరు నెలలూ అతను అదే రాయి ముందు కూర్చోవడం. మందులకు తగ్గట్లేదని ఇంకో డాక్టరు దగ్గరికి పోవడం. నాలుగు ఫైళ్లు తయారవుతాయి, ఒక్క ఫైలులోనూ అతని పనేమిటో ఉండదు.

1700లో ఇటలీలోని మోడెనాలో బెర్నార్డినో రామజ్జీని వృత్తి జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. రోగికి డాక్టరు వేయాల్సిన పాత ప్రశ్నలకు ఆయన ఒకటి కలిపాడు: నీ వృత్తి ఏమిటి? మూడు వందల ఏళ్లు దాటినా మన ఓపీ చీటీలో దానికి గడి ఉండదు. అడిగినా సంభాషణ ఇలా ముగుస్తుంది.

“ఏం పని చేస్తావు?”

“కంపెనీలో సార్.”

“సరే, చొక్కా తీయి.”

కంపెనీలో అన్న మాటలో సమాచారం ఏమీ లేదు. కార్మికులు ఈ వాక్యం నేర్చుకుని వెళ్లాలని నా కోరిక: “సార్, నేను కార్బైడ్ టిప్పులు సానబడతాను, రోజుకు ఇన్ని గంటలు, ఇన్నేళ్లుగా. ఆదివారాలు దగ్గు తక్కువగా ఉంటుంది.” ఇంత చెబితే చాలు, ఛాతీ డాక్టరు ఆలోచన వేరే దారిలో సాగుతుంది. మామూలు ఎక్స్‌రే బాగానే ఉండొచ్చు. హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌లో మసక మచ్చలు దొరుకుతాయి. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ, దాంతోపాటు గాలిగదుల నుంచి రక్తంలోకి గాలి ఎంత దిగుతోందో కొలిచే డీఎల్‌సీవో పరీక్ష చేస్తారు. ఈ రెండోది ముందే పడిపోతుంది. అవసరమైతే బ్రాంకోస్కోపీతో ఊపిరితిత్తిని కొంచెం సెలైన్‌తో కడిగి ఆ నీళ్లను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆ పెద్ద కణాలు కనిపిస్తే ఇక సందేహించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

చికిత్సలో మొదటి మందు దుమ్ముకు దూరం కావడమే. వాపు దశలోనే పట్టుబడితే, పని మారిస్తే, స్టెరాయిడ్ మాత్రలు వాడితే చాలామంది కోలుకుంటారు. కొందరు దాదాపు మామూలు మనుషులవుతారు. బాగుపడ్డాను కదా అని మళ్లీ అదే బల్ల దగ్గరికి వెళ్తే జబ్బు తిరిగొస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా. మచ్చకట్టాక దొరికినవాళ్లకు ఆక్సిజన్ సిలిండర్, అరుదుగా ఊపిరితిత్తుల మార్పిడి తప్ప పెద్ద దారులు లేవు. అందువల్ల నెలల తేడా చాలా పెద్ద తేడా.

పని మార్చడం అన్న మాట రాయడం తేలిక. టూల్ గ్రైండింగ్ తెలిసినవాడికి ఆ నైపుణ్యం మీదే జీతం. అతన్ని స్టోర్సులో కూర్చోబెట్టి అదే జీతం ఇచ్చే యజమాని ఉంటే అతనికి చేతులెత్తి మొక్కాలి. లేనిచోట అతను జబ్బు దాస్తాడు. దాయడం అతని తప్పు అని నేను అనలేను.

ఇక దుమ్మును ఆపడం. నీళ్లు లేదా కూలెంట్ పోస్తూ గ్రైండ్ చేస్తే దుమ్ము లేవదని అందరూ నమ్ముతారు. కొంతవరకు నిజం. కానీ కూలెంట్ తిరిగి తిరిగి అదే వాడతాం. కోబాల్ట్ అందులో కరుగుతుంది, టంగ్‌స్టన్ కరగదు. రోజులు గడిచేకొద్దీ కూలెంట్‌లో కోబాల్ట్ పెరుగుతూ పోతుంది. రాయి వేగానికి ఆ కూలెంట్ సన్నటి తుంపరగా ఎగిరితే, పీల్చేది కోబాల్ట్ నీళ్లే. తడి గ్రైండింగ్ చేసే చోట కూడా జబ్బులు వచ్చింది ఇందుకే. కూలెంట్‌ను తరచు మార్చాలి, ఆ తుంపరను కూడా లాగేయాలి.

లాగడంలో కిటుకు దూరంలో ఉంది. అగరొత్తి పొగను నోటితో ఊదితే ఎంతో దూరం పోతుంది. అదే పొగను నోటితో పీల్చి లాగాలంటే పెదాల దగ్గరికి తెచ్చుకోవాల్సిందే. ఎగ్జాస్ట్ గొట్టం కూడా అంతే. గొట్టం వ్యాసం ఎంత ఉందో అంత దూరం జరిగేసరికి లాగే వేగం దాదాపు పదోవంతుకు పడిపోతుంది. ఆరంగుళాల గొట్టాన్ని అడుగున్నర దూరంలో పెట్టి మోటారు తిప్పితే కరెంటు బిల్లు తప్ప ఏమీ రాదు. రాయికి ఆనుకుని మూతి ఉండాలి. చాలా షెడ్లలో గోడకు బిగించిన ఫ్యాను ఉంటుంది, అది దుమ్మును కార్మికుడి ముఖం మీదుగా లాగి బయటికి పంపుతుంది. ఆ ఫ్యాను లేకపోయినా నష్టం లేదు.

సాయంత్రం ఎయిర్ గన్‌తో బల్ల మీద, బట్టల మీద ఉన్న దుమ్మును ఊదేయడం అన్నిచోట్లా కనిపించే అలవాటు. రోజంతా కిందికి దిగిన దుమ్మును అరనిమిషంలో మళ్లీ గాలిలోకి లేపే పని అది. తడిగుడ్డతో తుడవాలి, లేదా సన్నటి దుమ్మును పట్టే ఫిల్టరున్న వాక్యూమ్ వాడాలి. మెడలోని కర్చీఫ్ ముక్కుకు కట్టుకుంటే పెద్ద రేణువులు ఆగుతాయి, అవి ఎలాగూ ముక్కులో ఆగేవే. ఐఎస్ 9473 అని ముద్ర ఉన్న మాస్కు కొనాలి. అది ముఖానికి చుట్టూ అతుక్కోవాలి, గడ్డం ఉంటే అతుక్కోదు. పని బట్టలు షాపులోనే మార్చుకుని, విడిగా ఉతకాలి. అమెరికాలో బెరీలియం ఫ్యాక్టరీ కార్మికుల బట్టలు ఇంట్లో ఉతికిన ఆడవాళ్లకు బెరీలియం జబ్బు వచ్చిన సంగతి 1940ల నుంచే రికార్డుల్లో ఉంది.

గాలిలో కోబాల్ట్ ఎంత ఉండొచ్చు అన్నదానికి అమెరికన్ పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సూచించే హద్దు ఘనపు మీటరుకు 0.02 మిల్లీగ్రాములు. ఓ మోస్తరు శ్రమ చేసే మనిషి ఎనిమిది గంటల్లో సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే షిఫ్టు మొత్తానికి 0.2 మిల్లీగ్రాములు. గోటి మీద వేస్తే ఓ ఇసుక రేణువంత, గాలిలో చెదిరిపోతే అసలు కనపడదు. ‘మా షాపులో దుమ్మేం కనపడట్లేదే’ అన్న మాటకు విలువ లేకపోవడం ఇందుకే. కొలిచి చూడాల్సిందే.

బెల్లం సంగతి చెప్పకుండా వదలలేను. దుమ్ము పనులున్న చాలాచోట్ల సాయంత్రం బెల్లం ముక్క పెడతారు, అరటిపండు పెడతారు, దుమ్మును కడిగేస్తుందని. తిన్నది అన్నవాహికలోకి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి కాదు. 1994లో లక్నో శాస్త్రవేత్తలు ఎలుకల మీద బెల్లం ప్రయోగం చేసి, రేణువులు ఊపిరితిత్తుల నుంచి కొంత ఎక్కువగా కదిలాయని రాశారు. అది ఎలుకల్లో కనిపించిన ఫలితం. దాని ఆధారంగా ఒక మనిషిని రాయి ముందు కూర్చోబెట్టలేం. బెల్లం తినడంలో తప్పు లేదు. ఎగ్జాస్ట్ బదులుగా బెల్లం ఇవ్వడంలో ఉంది తప్పు. కెనడాలో ఇంతకన్నా ఘోరం జరిగింది. ఒంటారియో బంగారు గనుల్లో 1943 నుంచి 1979 దాకా, రాతిదుమ్ము జబ్బు రాకుండా కాపాడుతుందని చెప్పి, మెకింటైర్ పౌడర్ అనే అల్యూమినియం పొడిని గదిలోకి వదిలి షిఫ్టుకు ముందు కార్మికుల చేత పీల్పించారు. దుమ్ము తగ్గించే ఖర్చు కన్నా పొడి చవక. ఆ గనికార్మికుల్లో పార్కిన్సన్స్ జబ్బు ఎక్కువగా ఉందని దశాబ్దాల తర్వాత తేలింది. 2022లో ఒంటారియో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

మన చట్టాల్లో ఈ జబ్బుకు చోటు ఉందా? ఉంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూల్లో ‘హార్డ్ మెటల్స్ వల్ల వచ్చే శ్వాసకోశ జబ్బులు’ అని స్పష్టంగా పేరు ఉండేది. ఆ వృత్తి జబ్బుల పట్టిక, దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ మూడో షెడ్యూలుగానే ఉంది. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లు ఆ దారిలో, లేనివాళ్లు యజమాని మీద పరిహారానికి దరఖాస్తు చేసుకునే దారిలో వెళ్లొచ్చు. కానీ 1948 ఫ్యాక్టరీల చట్టంలో, డాక్టరు కనిపెట్టగానే ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాను చూడండి. రాతిదుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ ఉండేది, బెరీలియం ఉండేది, హార్డ్ మెటల్ పేరు లేదు. పరిహారం ఇవ్వదగ్గ జబ్బే, తెలియజేయక్కర్లేని జబ్బు. ఎవరూ తెలియజేయనప్పుడు ఎన్ని కేసులున్నాయో లెక్క తేలదు. లెక్క తేలకపోతే జబ్బే లేదని చెప్పడం సులువు.

పైగా ఈఎస్‌ఐ వర్తించాలంటే సాధారణంగా పదిమంది ఉద్యోగులుండాలి. రెండు లేతులు, ఒక మిల్లింగ్ మెషిన్, ఒక గ్రైండర్, నలుగురు మనుషులున్న షెడ్డు దీనికి బయటే. పరిహారం అడగాలన్నా అక్కడ పనిచేశానని రుజువు చూపాలి. హాజరు పుస్తకం ఉండదు, జీతం చేతికిస్తారు. అలాంటి చోట పనిచేసేవాళ్లు తమ జీతం వివరాలు, పని ప్రదేశంలో తీసుకున్న ఫోటోలు, వాడిన టిప్పుల పెట్టెల మీది లేబుళ్లు దాచుకోవాలి. ఆ లేబుల్ మీద ‘డబ్ల్యూసీ’ అని, ‘సీఓ’ అని ఉంటే అవి టంగ్‌స్టన్ కార్బైడ్, కోబాల్ట్. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ లేబుల్‌ను ఫోనులో ఫోటో తీసుకెళ్లి చూపించాలి. పని చరిత్రను ఓపీ చీటీ మీదే రాయమని అడగాలి. రేపు పరిహారం కోసం సంబంధిత అధికారి ముందు నిలబడ్డప్పుడు అడిగే మొదటి కాగితం అదే.